706 మంది ఉన్న కౌంటీ: పిల్లలకు అమ్మమ్మ ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను, పిన్ని, బాబాయి అందరం కులాసా. చలి ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. పొద్దున్నే స్వెట్టర్ వేసుకోకుండా వాకిట్లోకి రానివ్వడం లేదు మీ పిన్ని.

మొన్న వీడియో కాల్‌లో "ఒక జిల్లా అంతా తిరిగొచ్చాను, జనం మొత్తం 706 మందే" అంటే మీరు నమ్మలేదు. "మా అపార్ట్‌మెంట్‌లోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు అమ్మమ్మా" అని నవ్వారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. పక్కన అట్లాసు పెట్టుకుని చదవండి.

అమెరికా పటంలో పైన, కెనడాకి ఆనుకుని నార్త్ డకోటా రాష్ట్రం కనిపిస్తుంది. పిన్ని వాళ్లు ఉండే బిస్మార్క్ దాని రాజధాని, మిస్సోరీ నది ఒడ్డున ఉంటుంది. నది దాటి పడమరకి రెండు గంటలు పోయి, బెల్‌ఫీల్డ్ దగ్గర దక్షిణానికి తిరిగితే ఇంకో అరగంటకి స్లోప్ కౌంటీ వస్తుంది. దారిలోనే గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి. ఒకే రాష్ట్రంలో రెండు టైములు!

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి. అయితే కలెక్టర్ ఉండడు. జనం ఎన్నుకున్న కమిషనర్లు, షెరీఫ్ అనే పోలీసు అధికారి ఉంటారు. రోడ్లు, భూమి రికార్డులు, పన్నులు అన్నీ వాళ్లే చూసుకుంటారు. నార్త్ డకోటాలో ఇలాంటి కౌంటీలు 53. అన్నిట్లోకీ తక్కువ జనం ఉన్నది ఈ స్లోప్ కౌంటీయే.

విస్తీర్ణం మాత్రం తక్కువేం కాదు. సుమారు 3,150 చదరపు కిలోమీటర్లు. మన హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు కదా, అలాంటివి పద్నాలుగు ఇందులో పడతాయి. 2011 లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకి 18 వేల మంది పైనే ఉన్నారు. ఇక్కడ 2020 లెక్కల ప్రకారం ఒక్క మనిషికి నాలుగున్నర చదరపు కిలోమీటర్లు వస్తుంది. మీ బడి, మీ వీధి, కూరగాయల మార్కెట్టు, బస్టాండు, అవతలి చెరువు, అన్నీ కలిపి ఒక్కళ్ల వాటా అన్నమాట.

706 అనే అంకె వినగానే నాకు తట్టింది వేరే సంగతి. 2001లో జనాభా లెక్కలకి టీచర్లందరితో పాటు నాకూ డ్యూటీ వేశారు. నాకిచ్చిన బ్లాకులో 130 ఇళ్ల దాకా, ఏడు వందల లోపు మనుషులు. నాలుగు వీధులు, ఒక రామాలయం, ఒక కిరాణా కొట్టు, అంతే. చేతిలో ఫారాల సంచీ పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఫారం నింపడం అయ్యేసరికి ఎవరింట్లో ఎంతమందో, ఎవరి కోడలు పురిటికి వెళ్లిందో, ఎవరి కొడుకు సూరత్‌కి పనికి పోయాడో నాకు కంఠతా వచ్చేసింది. చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ "నన్ను కూడా రాస్తావా తల్లీ?" అని అడిగింది. రాశాను. ఆవిడ పేరు ఫారం మీద నా చేత్తో రాసిందే నాకిప్పటికీ గుర్తుంది. కాబట్టి 706 అంటే నాకు చిన్న అంకెగా అనిపించదు. నా ఒక్క బ్లాకు జనం పద్నాలుగు హైదరాబాదులంత నేల మీద పరుచుకుని ఉన్నారే అనిపించింది.

మరి ఆ నేల ఎలా ఉంటుంది? మైదానం అంటే బల్లపరుపుగా ఉంటుందనుకుంటాం. ఇక్కడ నేల అలల్లాగా లేచి దిగుతూ ఉంటుంది. కనుచూపు మేర గడ్డి, కోసేసిన గోధుమ మడులు, అక్కడక్కడ నల్లటి ఆవులు. చెట్టు కావాలంటే వాగు పక్కనో, ఇంటి చుట్టూ గాలికి అడ్డంగా నాటుకున్న వరసలోనో చూడాలి. మధ్య మధ్యలో నెత్తి చదునుగా కోసేసినట్టు గుట్టలు. వాటిని బ్యూట్‌లు అంటారు. రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైన వైట్ బ్యూట్ ఈ కౌంటీలోనే ఉంది. 1,069 మీటర్లు. పేరుకి తగ్గట్టే సుద్దలా తెల్లగా ఉంటుంది. నా మోకాళ్లకి ఎక్కే పని కాదని కింద నుంచే చూశాను.

పడమటి వైపు లిటిల్ మిస్సోరీ నది పారుతుంది. ఆ నది, వాన, గాలి కలిసి మెత్తటి మట్టిని లక్షల ఏళ్లుగా కోసేశాయి. నేలంతా గండ్లు, మిట్టలు, రంగురంగుల చారలు. వాళ్లు బ్యాడ్‌లాండ్స్ అంటారు. అక్కడ కారు దిగి, రోడ్డు మీద పరిచిన కంకరలోంచి ఒక ఎర్ర రాయి తీసి చూశాను. అచ్చం మన ఇటుక ముక్క! ఇంకో రాయితో కొడితే కుండ పెంకులా ఖంగుమంది. ఇది మామూలు రాయి కాదట, కాలిన మట్టి. ఇక్కడ నేలలో పొరలు పొరలుగా లిగ్నైట్ బొగ్గు ఉంది. పిడుగు పడో, గడ్డి కార్చిచ్చు వల్లో ఆ బొగ్గు అంటుకుంటే లోపల్లోపలే ఏళ్ల తరబడి మండుతుంది. పైనున్న బంకమట్టి ఆ వేడికి కాలి ఎర్రగా గట్టిపడుతుంది. మనుషులు పెట్టని ఇటుక బట్టీ అన్నమాట. అమిడాన్ ఊరికి వాయవ్యంగా ఉన్న ఒక బొగ్గు పొర నేను పెద్దదాన్నయ్యేదాకా మండుతూనే ఉందట. అక్కడి జూనిపర్ చెట్లు కొమ్మలు విప్పకుండా స్తంభాల్లా నిటారుగా పెరిగాయి. ఆ పొగ వల్లే అలా పెరిగాయని అక్కడివాళ్లు చెబుతారు.

ఇంకా లోతుకి వెళ్తే డైనోసార్లు! నదీతీరాన మార్మార్త్ అనే ఊరుంది. దాని చుట్టుపక్కల 6.6 కోట్ల ఏళ్లనాటి రాతి పొరలు బయటికి కనిపిస్తాయి. ఆ ఊళ్లో పెరిగిన టైలర్ లైసన్ అనే అబ్బాయి 1999లో, ఇంకా బడికెళ్లే వయసులోనే, వాళ్ల మావయ్య పశువులు మేపుకునే భూమిలో ఒక డైనోసార్‌ని కనిపెట్టాడు. ఎముకలే కాదు, చర్మం కూడా శిలగా మారి మిగిలింది. దానికి 'డకోటా' అని పేరు పెట్టారు. బిస్మార్క్ మ్యూజియంలో దాని చర్మం చూశాను. ఉడుము ఒంటి మీద ఉన్నట్టే పొలుసుల అచ్చు. అద్దానికి ముక్కు ఆనించి ఎంతసేపు నిలబడ్డానో! ఆ అబ్బాయి ఇప్పుడు డెన్వర్ మ్యూజియంలో శాస్త్రవేత్త.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. ఇంత నేల ఉండి మనుషులెందుకు లేరు? ఎప్పుడూ ఇంతేనా?

కాదు. ఈ గడ్డి మైదానాలు లకోటా, మాండాన్, హిడాట్సా, అరికర అనే ఆదివాసీ ప్రజల వేట భూములు. బైసన్ అనే అడవిదున్నల మందలు, వాటి వెంట మనుషులు. 1880లు ముగిసేసరికి తెల్లవాళ్ల తుపాకులకి దున్నలు దాదాపు అంతరించాయి, అక్కడి ప్రజల్ని రిజర్వేషన్లలోకి నెట్టేశారు. 'ఖాళీ భూమి' అని తర్వాత ప్రకటించింది ఇలా ఖాళీ చేయించిన భూమినే. ఈ ముక్క మర్చిపోకండి.

ఆ తర్వాత రైలొచ్చింది. 1907 ప్రాంతంలో మిల్వాకీ రైల్వే వాళ్లు పసిఫిక్ సముద్రం దాకా లైను వేస్తూ ఇక్కడికి చేరారు. కంపెనీ ప్రెసిడెంటు మనవరాలి పేరు మార్గరెట్ మార్తా. ఆ పాప పేరులో మొదటి అక్షరాలు కలిపి ఊరికి మార్మార్త్ అని పెట్టారు. హోంస్టెడ్ చట్టం అప్పటికే ఉంది. 1862 నాటి ఆ చట్టం ప్రకారం కొద్ది ఫీజు కట్టి, ఇల్లు కట్టుకుని, అయిదేళ్లు సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం. తర్వాత దాన్ని ఇలాంటి మెట్ట ప్రాంతాలకి 320 ఎకరాలు చేశారు. 320 ఎకరాలంటే మనకి జమీందారీ! నార్వే నుంచి, జర్మనీ నుంచి, రష్యా నుంచి జనం పెట్టెలు సర్దుకుని వచ్చేశారు. 1915లో ఈ ముక్కని బిల్లింగ్స్ కౌంటీ నుంచి విడదీసి స్లోప్ కౌంటీ చేశారు. ఆ ఏడు డకోటాలో గోధుమ విరగపండింది. 1920 లెక్కల్లో ఇక్కడి జనం 4,940. మార్మార్త్ ఒక్కటే వెయ్యి దాటింది. సినిమా హాలు కూడా కట్టుకున్నారు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు కదా. ఇక్కడ ఏడాదికి 400 మి.మీ. అటూ ఇటూగానే వాన. మన అనంతపురంలో కూడా 550 దాకా పడుతుంది. కారణం రెండు చోట్లా ఒకటే. పడమటి కనుమలు మేఘాల్ని పిండేస్తే అనంతపురానికి మిగిలిందే దక్కుతుంది. ఇక్కడ ఆ పని రాకీ పర్వతాలు చేస్తాయి. పైగా ఆర్నెల్లు చలి. ఒక్క పంటకే వీలు. తూర్పున వాన బాగా పడేచోట కొలిచిన ఎకరాల లెక్క ఇక్కడ ఎలా సరిపోతుంది? ఒక ఆవు ఏడాదంతా మేయాలన్నా ఇక్కడ ఎకరాలకి ఎకరాలు కావాలి. తప్పు రైతులది కాదు పిల్లలూ. చట్టం రాసినవాళ్లకి, రైలు టికెట్లు అమ్మినవాళ్లకి ఈ నేల సంగతి పట్టలేదు. నాకు దీని మీద ఇప్పటికీ కోపం.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక గోధుమ ధర పడిపోయింది. 1930ల్లో కరువు, దుమ్ము తుఫాన్లు, మిడతలు. 1936లో ఇదే రాష్ట్రంలో ఫిబ్రవరిలో సున్నాకి 51 డిగ్రీలు కిందికి దిగింది, జూలైలో 49 డిగ్రీలు దాటింది. ఒకే సంవత్సరం! రైతులు తలుపులకి తాళాలేసి వెళ్లిపోయారు. 1940కి జనం 2,932. సాగుకి పనికిరాని భూముల్ని ప్రభుత్వమే తిరిగి కొని గడ్డి వేసింది. ఆ నేలలు ఇప్పుడు లిటిల్ మిస్సోరీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్‌లో భాగం. ఆ తర్వాత ట్రాక్టర్లు, కోత మిషన్లు పెద్దవయ్యాయి. పదిమంది చేసే పని ఒక్కడే చేసేస్తున్నాడు. 1980కి 1,157. మిల్వాకీ రైల్వే దివాలా తీసింది. 2020కి 706, అంటే వందేళ్లలో ఏడో వంతు. బెల్‌ఫీల్డ్ మీదుగా వెళ్లే ఇదే రోడ్డు మీద ఉత్తరాన ఉన్న మెకెంజీ కౌంటీలో నూనె బావుల పుణ్యమా అని పదేళ్లలో జనం 6,360 నుంచి 14,704 అయ్యారు. ఆ అదృష్టం స్లోప్‌కి రాలేదు.

కౌంటీ కేంద్రం అమిడాన్ చూద్దామని వెళ్లాం. 2020 లెక్కల్లో 24 మంది. జిల్లా కేంద్రంలో ఇరవై నాలుగు మంది! మార్మార్త్‌లో 101. ఈ రెండు తప్ప కౌంటీలో పట్టణమని చెప్పుకునేవి లేవు. తక్కినవాళ్లంతా విడివిడిగా పొలాల్లోనే కాపురం. ఒక ఇంటి దీపం ఇంకో ఇంటికి కనిపించదు. హైస్కూలు చదువుకైనా, ఆస్పత్రికైనా పక్క కౌంటీలోని బౌమన్‌కి పరుగెత్తాలి. ఇక్కడ ఒక్క కుటుంబం లేచిపోతే బడిలో ముగ్గురు పిల్లలు తగ్గుతారు. వాళ్లతో పాటు టీచరు పోస్టు కూడా ఊగుతుంది. మన ఊళ్లో పది ఇళ్లు వలస పోయినా బడి నడుస్తుంది.

దారిలో మాకు ఎదురొచ్చింది మొత్తం నాలుగే బండ్లు. ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఎత్తి పలకరించాడు. మొదటిసారి నేను వెనక్కి తిరిగి చూశాను, మా వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమో అని. ఎవరూ లేరు. అది మాకే. "ఇక్కడ అంతేనమ్మా, బండి ఆగిపోతే కాపాడేది ఎదురొచ్చేవాడే" అంది పిన్ని. రెండో బండికి నేనూ వేలెత్తాను. నాలుగో బండి పికప్పులో కూర్చున్న పెద్దాయన నన్ను చూసి రెండోసారి కూడా ఎత్తాడు.

ఎర్ర రాయి ఒకటి చేతిరుమాల్లో చుట్టి పెట్టెలో పెట్టాను. నేను రాగానే మన పెరటి ఇటుక పక్కన పెట్టి, రెంటినీ కొట్టి చూద్దాం. ఏది ఎక్కువ ఖంగుమంటుందో మీరే చెప్పాలి. ఈలోగా అట్లాసులో రాకీ పర్వతాలకి, మిస్సోరీ నదికి మధ్య స్లోప్ కౌంటీ ఎక్కడుంటుందో పెన్సిలుతో చుక్క పెట్టి ఉంచండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ