జల్లెడ లేని జల్లింపు

చిరంజీవులకు ఆశీస్సులు.

జల్లెడ లేకుండా రక్తంలో పెద్ద కణాల్నీ చిన్న కణాల్నీ ఎలా విడదీస్తారని అడిగారు కదా. కాలువ ఆకారంతోనే విడదీయొచ్చు. కాలువంటే పెద్దదేం కాదు, ప్లాస్టిక్ ముక్కలోనో గాజులోనో చేసిన సన్నని దారి. కొన్నిటి వెడల్పు వెంట్రుక మందమే ఉంటుంది.

అంత సన్నని దారిలో నీళ్ళు గజిబిజిగా కలిసిపోవు, పొరలు పొరలుగా జారిపోతాయి. నడిమి పొరది అన్నిటికంటే జోరు. గోడను అంటుకున్న పొర దాదాపు కదలదు. మరి కణానికి బదులుగా ఓ చిన్న పూసని మధ్యలో వదిలితే అది మధ్యలోనే పోవాలిగా? పోదు! 1961లో సెగ్రే, సిల్బర్‌బర్గ్ అనే ఇద్దరు గుండ్రటి గొట్టంలో పూసలు పంపితే, అవి మధ్యలోనూ కాక, గోడ పక్కనా కాక, వ్యాసార్ధంలో సుమారు 0.6 వంతు దూరాన ఉంగరంలా సర్దుకున్నాయి. పొరల మధ్య వేగం తేడా పూసని గోడవైపు నెడుతుంది. మరీ దగ్గరికి వస్తే గోడ వెనక్కి నెడుతుంది. రెండూ సరితూగిన చోట పూస కుదురుకుంటుంది. ప్రవాహం మరీ మెల్లగా ఉంటే మాత్రం ఈ నెట్టుడు లెక్కలోకి రాదు.

గొట్టం బదులు చదరపు కాలువ పెడితే ఉంగరం పోయి నాలుగు చోట్లే మిగులుతాయి, ఒక్కో గోడ నడిమికి ఎదురుగా ఒకటి. కాలువను వెడల్పు చేసి ఎత్తు తగ్గిస్తే, చాలావరకు రెండే, పొడుగు గోడల దగ్గర.

నాకు మాత్రం వంపు కాలువంటేనే ఇష్టం. వంపులో నడిమి నీరు జోరుమీద బయటి గోడవైపు తోసుకుపోతుంది. దాని చోటు నింపడానికి పై గోడ, కింది గోడ వెంబడి నీరు లోపలి వైపు తిరిగొస్తుంది. అలా ఎదురెదురుగా తిరిగే రెండు సుడులు ఏర్పడతాయి. 1920లలో డీన్ అనే శాస్త్రవేత్త వీటిని లెక్కగట్టి వివరించాడు కాబట్టి డీన్ ప్రవాహం అంటారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. పూస సైజు రెట్టింపైతే సుడి లాగుడు రెట్టింపే అవుతుంది, ఇందాక చెప్పిన పక్కకి నెట్టుడు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువగా పెరుగుతుంది. అందుకే పెద్ద కణాలు సుడికి లొంగకుండా లోపలి గోడ దగ్గర నిలదొక్కుకుంటాయి. చిన్నవి సుడి వెంట కొట్టుకుపోతాయి. చివర్లో కాలువను రెండు పాయలు చేస్తే సరి, లోపలి పాయలో పెద్దవి, బయటి పాయలో చిన్నవి.

ఎర్ర రక్త కణం అడ్డంగా సుమారు 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రక్తంలోకి చేరిన క్యాన్సర్ కణాలు చాలావరకు అంతకన్నా పెద్దవి, కాబట్టి వాటిని పట్టడానికి చుట్లు చుట్లుగా తిరిగే కాలువలు వాడుతున్నారు. రక్తాన్ని సాధారణంగా పల్చన చేసి పంపుతారు. లేకపోతే కిక్కిరిసిన కణాలు ఒకదాన్నొకటి తోసుకుని ఏదీ తన దారిలో నిలవదు.

మీ తాతయ్య