ఆటిజం ఉన్న పిల్లవాడు "నేను" అని కథ చెబితే: అపోహలు - వాస్తవాలు

ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేస్తాను కాబట్టి, కథలు రాసేవాళ్లు "ఒకసారి చూసి చెప్పండి మేడం" అంటూ తమ రాతప్రతులు పంపుతుంటారు. పోయినవారం వచ్చిన కథ పద్నాలుగేళ్ల అబ్బాయి చెబుతున్నది. మూడో పేజీలో తాతయ్య పోతాడు. అబ్బాయి మంచం ఎన్ని అడుగులుందో చెప్పి, తర్వాతి విషయానికి వెళ్లిపోతాడు. ఇలాంటివి చదివీ చదివీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

అపోహ: వీళ్లకు ఏమీ అనిపించదు, ఎదుటివాళ్ల మనసు తెలియదు.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఇదే. ఇలాంటి కథలు చదివిన అమ్మలు నా దగ్గరికొచ్చి "వాడికి నా మీద ప్రేమ ఉందంటారా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అడగడానికి వాళ్లెంత నలిగిపోయి ఉంటారో నాకు తెలుసు.

1985లో మనస్తత్వ శాస్త్రవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం బొమ్మలతో ఒక పరీక్ష పెట్టింది. శాలీ గోళీని బుట్టలో పెట్టి వెళ్తుంది, ఆన్ దాన్ని పెట్టెలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన శాలీ ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది బుట్ట బదులు పెట్టె అని తప్పు చెప్పారు. సరిగ్గా చెప్పిన నలుగురి ఊసు ఎవరూ ఎత్తరు. పైగా అక్కడ అడిగింది శాలీ ఏమనుకుంటుందని, అంతేగానీ శాలీ మీద జాలేసిందా అని కాదు. ఆటిజం ఉన్న పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో చెప్పింది కూడా వినాలి: అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంది.

నా దగ్గరికొచ్చే ఒక బాబు ఓ రోజు లోపలికి వస్తూనే "అమ్మ తాళాలు మేకుకి తగిలించలేదు, బల్ల మీద పెట్టింది, మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది" అన్నాడు. ఆ గంటసేపూ అదే మాట. తర్వాత వాళ్లమ్మని కదిపితే, ముందురోజే ఉద్యోగం పోయిందట, ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. వాడికి "దిగులు" అన్న మాట దొరకలేదు, దిగులు మాత్రం అందింది. రాసేవాళ్లు పట్టుకోవాల్సింది ఆ తాళాలని. పక్కనే "అమ్మ బాధలో ఉందని నాకు తెలియలేదు" అని వాడి చేత చెప్పించకండి.

మిగతావి తొందరగా చెప్పేస్తా. అందరూ లెక్కల్లో మేధావులా? కాదు. ఆంగ్ల రచయిత మార్క్ హాడన్ 2003 నవలలో 15 ఏళ్ల క్రిస్టఫర్ అధ్యాయాలకు ప్రధాన సంఖ్యలు వేశాడు, అది ఆ ఒక్క పిల్లవాడి సంగతి. జాతీయాలు అర్థం కావా? "బుర్ర తినకు" అంటే ఏమిటో చాలామంది ఎప్పుడో నేర్చేసుకుంటారు, కాకపోతే కొందరికి అర్థంతో పాటు ఆ బొమ్మ కూడా కళ్లముందు కదులుతుంది. ఫ్యాన్ చప్పుడు, చొక్కా లేబుల్ గీసుకోవడం లాంటివి కథకి అలంకారాలు కావు, ఇంద్రియ స్పందనల్లో తేడాని 2013లో డీఎస్ఎం-5 (మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికన్ గ్రంథం) నిర్ధారణ ప్రమాణాల్లోనే చేర్చారు.

"తప్పు రాస్తానేమో" అని టెన్షన్ పడేవాళ్లకి ఒకటే చెప్తాను: ఆటిజం ఉన్నవాళ్ల చేత చదివించండి, ఆ శ్రమకు డబ్బులివ్వండి. పోయినవారం కథని, రచయిత సరేనన్నాకే, ఆటిజం ఉన్న ఒక పదిహేడేళ్ల అమ్మాయికి ఇచ్చాను. మంచం కొలిచిన పేరా పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసి తెచ్చింది: "తాతయ్య కళ్లద్దాలు ఎవరు తీశారు?"