కుక్కర్లో మర్చిపోయిన గరిటె

చిన్నీ, బుజ్జీ,

మొన్న పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి రాగానే చిన్ని ఫోన్లో అడిగింది కదా, "తాతయ్యా, అందరి నోట్లో పెట్టిన కొక్కేన్నే ఉడకబెట్టి నాకూ పెట్టారు, రోజూ ఉడికితే అది అరిగిపోదా?" అని. మంచి ప్రశ్నేనమ్మా.

వాటిని క్రిములు చచ్చేలా ఆవిరిలో ఉడికించే డబ్బా పేరు ఆటోక్లేవ్. మన పప్పు కుక్కర్‌కి పెద్దన్నయ్య అనుకోండి. మూత బిగిస్తే ఆవిరి బయటికి పోలేక వేడెక్కుతుంది, 121 డిగ్రీల్లో పావుగంట, లేదా 134లో మూడు నాలుగు నిమిషాలు. ఓసారి నేను పప్పులో స్టీలు గరిటె మర్చిపోయి మూతేసేశా, ఐదు విజిల్స్ తర్వాత చూస్తే గరిటె తళతళా, పప్పు ముద్దముద్దగా, అమ్మమ్మ తిట్లు సాయంత్రం దాకా. అదే ఇనప కత్తిపీటని తడిగా వదిలేయండి, మన వైజాగ్ గాలికి తెల్లారేసరికి ఎర్రగా అయిపోద్ది.

స్టీల్లో క్రోమియం ఉంటుంది, కనీసం వందలో పదిన్నర వంతులు. అది పైన కంటికి కనపడని పొర కడుతుంది, గీత పడినా గాలి తగిలితే మళ్ళీ కట్టుకుంటుంది. వేడికంటే ఆ పొరకి ఉప్పంటేనే ఎక్కువ భయం. రక్తంలోనూ ఉప్పుంటుంది, దాన్ని ఎండిపోనిచ్చినా, బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టినా సూదిమొనంత గుంటలు పడతాయి. అందుకే ముందు కడిగి, ఆరబెట్టాలి, పట్టకారు మడతలోపల కూడా.

పదునువాటి సంగతి వేరు. గార గీకే కొక్కెం మొద్దుబారితే రాయి మీద నూరతారు, నూరినప్పుడల్లా కాస్త సన్నబడుతుంది. అదిగో చిన్నీ, అక్కడే ఎక్కువ అరిగేది.

నా చిన్నప్పుడు భీమిలిలో ఒక కాంపౌండరు గాజు సిరంజి, సూది గిన్నెలో మరిగించేవాడు, స్టవ్ మీద అవి టకటకా కొట్టుకుంటుంటే నేను బల్లకింద దూరేవాణ్ణి. ఆ సూది ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నాడో, మొన మొద్దుబారి చర్మం ముందు లోపలికి నొక్కుకుని తర్వాత దిగేది. అప్పుడప్పుడూ రాయి మీద రుద్దేవాడు కూడాను! మీకలాంటి బాధ లేదులే, సూది ఒక్కసారికే, పారేస్తారు.

ఈసారి వెళ్ళినప్పుడు పనిముట్లు పెట్టి ఉడికించిన కవరు మీద వేడికి రంగు మారిన గుర్తుందేమో చూడండి, నోటి అద్దం అంచున చుక్కలున్నాయేమో డాక్టరమ్మని అడిగి మరీ చూడండి. ఇంటికొచ్చాక సముద్రం వైపు కిటికీ గ్రిల్ వేలితో రుద్ది, వేలికేం అంటిందో నాకు రాయండి.

మీ తాతయ్య