వైజాగ్‌లో మంచి పాత కారు ఎందుకు దొరకదు: అపోహలు - వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్నాను. రిపేర్లతో పాటు, సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ల తరఫున వెళ్లి బండి చూసిపెడతాను. అందరూ అడిగేవి నాలుగైదు బండ్లే: ఇన్నోవా, డీజిల్ బ్రెజా, డీజిల్ డిజైర్, ఎవరైనా పెద్దాయన జాగ్రత్తగా వాడుకున్న హోండా సిటీ. దొరకనివీ అవే. షెడ్డులో రోజూ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆన్‌లైన్‌లో రోజూ చూస్తూ ఉంటే ఎప్పటికైనా మంచి బండి తగులుతుంది

తగిలేది ఎక్కువగా నలుగురు చూసి వదిలేసిన బండి. మంచిది ఫొటో తీసేదాకా రాదు.

డీజిల్ బ్రెజా సంగతే చూడండి. 2020 ఏప్రిల్‌లో బండి పొగ మీద బీఎస్6 రూలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. ఆ 1.3 లీటరు ఇంజిన్‌తో కొత్త బండి ఇక రాదని ఓనరుకి తెలుసు. ఒకసారి చేయి జారితే అలాంటిది మళ్లీ కొనలేడు, అందుకే అమ్మడు. ఇన్నోవా కూడా అంతే. 2005 నుంచి 2016 దాకా వచ్చిన 2.5 డీజిల్‌ని ఇంకా తిప్పుతున్నవాళ్లని అడగండి. "దీన్ని అమ్మి దీని తర్వాతి మోడల్ క్రిస్టా కొని ఏం బావుకుంటాం గురూ, దానికి కట్టే లైఫ్ ట్యాక్సుతో దీన్ని ఇంకో అయిదేళ్లు నడుపుకోవచ్చు" అంటారు.

అమ్మే రోజు వచ్చినా, ఆ కబురు ముందు తెలిసేది తమ్ముడికి, పక్క ఫ్లాటాయనకి, లేదంటే ఏళ్ల తరబడి ఆ బండికి ఆయిల్ మార్చిన మెకానిక్‌కి. బోర్డు పెట్టాల్సిన అవసరమే రాదు.

అపోహ: అంత మంచి బండైతే ఎందుకు అమ్ముతాడు? ఏదో లోపం ఉండే ఉంటుంది

ప్రశ్న మంచిదే. జవాబు వినకుండా వెళ్లిపోవడమే తప్పు. ఈ ఊళ్లో బండి అమ్మడానికి బండితో సంబంధం లేని కారణాలు బోలెడు. నేవీ వాళ్లకి బదిలీలు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైనవాళ్లు ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి పార్కింగ్ లేని అపార్ట్‌మెంట్‌కి మారతారు. పిల్లలు అమెరికాలో, ఇక్కడ ఆయనకి కళ్లలో శుక్లాలు. నేను ముందు అడిగేది కారణమే, బానెట్ ఆ తర్వాత.

పోయినేడాది ఉక్కునగరంలో రిటైరైన ఒక పెద్దాయన ఇన్నోవా చూడ్డానికి వెళ్లాం. గ్లాసు మూల అచ్చులో తయారీ ఏడాదికి గుర్తుగా అంకె ఉంటుంది. బండి 2011ది, వెనక గ్లాసు మాత్రం 2014ది. పైకప్పు మీద వేలితో తడుతూ వెళ్తే ఒకచోట చప్పుడు మొద్దుబారింది. అక్కడ లప్పం పెట్టి పెయింటు వేశారన్నమాట. నాతో వచ్చిన కుర్రాడు "యాక్సిడెంట్ బండి అన్నా, పోదాం పద" అని గొణిగాడు.

పెద్దాయన ఏమీ అనలేదు. లోపలికెళ్లి రబ్బరు బ్యాండు వేసిన పాకెట్ డైరీల కట్ట తెచ్చారు. బండి కొన్నప్పటి నుంచి డీజిల్ కొట్టించిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగు, లీటర్లు. 2014 డైరీలో అక్టోబరు 12 దగ్గర "హుద్‌హుద్. చెట్టు పడింది" అని ఉంది. తర్వాత మూడు వారాలు ఖాళీ. నవంబరులో టింకరింగ్ ఖర్చు, గ్లాసు ఖర్చు విడివిడిగా రాసుకున్నారు. కింద దూరి చూస్తే చాసిస్‌కి, డోర్ పిల్లర్లకి ఎక్కడా సుత్తి తగలలేదు. ఆయిల్ మూత తీసి ఇంజిన్ నడిపితే బ్యాక్ కంప్రెషన్ లేదు, అంటే అరిగిన ఇంజిన్‌లో లాగా మూత దగ్గర పొగ ఎగదన్నడం లేదు. ఇంకేం కావాలి?

కుర్రాడు వారం టైమడిగాడు. మూడో రోజుకే బండి అనకాపల్లిలో పెద్దాయన తోడల్లుడి ఇంటికి చేరింది.

అపోహ: తక్కువ తిరిగిన బండే మంచి బండి

సముద్రం పక్కన ఈ లెక్క పనిచేయదు. లాసన్స్ బే కాలనీలో పద్నాలుగేళ్ల సెడాన్ ఒకటి చూశాను. మీటరులో 31 వేలు, అది నిజం కూడా. పెయింటు తళతళలాడుతోంది. డ్రైవరు కాళ్ల కింద కార్పెట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకులోకి దిగిపోయింది. ఏసీ కండెన్సర్ రేకులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. టైర్లకి గీతలు బాగానే ఉన్నాయి కానీ పక్కలంతా పగుళ్లే. టైరు మీద చివరి నాలుగంకెలు చూడండి: 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైనట్టు. ఆ సెడాన్ టైర్లు బండితో పాటు పుట్టినవే. ఉప్పుగాలిలో కదలకుండా నిలబడ్డ బండి కన్నా, టైముకి ఆయిల్ మారుతూ లక్షా ఇరవై వేలు తిరిగిన బండే కొనమంటాను. ఈ మాటకి ఇప్పటికీ చాలామంది నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు.

అపోహ: ఇన్నోవాకి చావు లేదు, ఎలాంటిదైనా కొనేయొచ్చు

అరకు ఘాట్ రోడ్డు మీద ఏళ్ల తరబడి టూరిస్టుల్ని మోసి, పసుపు ప్లేటు తీసేసి తెల్ల ప్లేటుతో వచ్చే ఇన్నోవాలు తక్కువేమీ కాదు. పైన క్యారియర్ బిగించిన గీతలు, స్పీడ్ గవర్నర్ పీకేశాక మిగిలిన వైర్లు, బోడిగా అరిగిన క్లచ్ పెడల్ రబ్బరు చూడండి. ఆర్‌సీ రికార్డులో అది ఒకప్పుడు ట్రాన్స్‌పోర్ట్ బండో కాదో ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి. టాక్సీగా తిరిగినంత మాత్రాన పనికిరాదని కాదు. దాచిపెట్టి సొంత బండి ధర అడగడమే మోసం.

అపోహ: పదేళ్లు దాటిన డీజిల్ ఇక్కడా బ్యాన్. ఢిల్లీ నుంచి తెచ్చుకుంటే చవక

పదేళ్ల గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిదే. మన దగ్గర సొంత బండికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రెన్యువల్. ఢిల్లీ బండికి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి, ఏపీ నంబరు వేయించేసరికి ఆ చవక కాస్తా ఆవిరైపోతుంది.

అపోహ: ఫారం 29, 30 మీద సంతకాలు అయిపోయాయిగా, ట్రాన్స్‌ఫర్ మెల్లగా చేసుకోవచ్చు

మంచి బండ్లు చుట్టాల మధ్యే తిరగడానికి ఇది పెద్ద కారణం, ఎవరూ పట్టించుకోరు. రికార్డులో పేరు మారకపోతే, రేపు యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత పాత ఓనరు మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి అమ్మి ఏడాదైనా చలాన్లు తన ఫోనుకే వస్తున్నాయని నా దగ్గరికొచ్చి లబోదిబోమన్న ఓనర్లు ఉన్నారు. బండిని ప్రేమగా చూసుకున్నవాడికి ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ. తెలియనివాడు పదివేలు ఎక్కువిస్తానన్నా వద్దంటాడు.

అందుకే బేరానికి వెళ్లేవాళ్లకి ఒకటే చెప్తాను. ధర తగ్గించమని మొదలుపెట్టకండి. "బండి తీసుకెళ్లే రోజే ట్రాన్స్‌ఫర్‌కి పెట్టేద్దాం సార్, మీరూ రండి" అనండి. ఈ మాట విన్నాక పెద్దవాళ్లు టీ తాగి వెళ్లమన్న సందర్భాలు చాలా చూశాను.

డీజిల్ బ్రెజా కోసం నా నోటుబుక్కులో ఇప్పుడు తొమ్మిది పేర్లున్నాయి. నా దగ్గర సర్వీసుకొచ్చే అలాంటి బండ్లు పదకొండు. నిన్నే ఒకాయనని అడిగాను, అమ్మే ఉద్దేశం ఉందా అని. క్లచ్ ప్లేటు మార్చమని చెప్పి వెళ్లాడు.