సీటు ఖాళీ అయిందని ఎవరు చెప్పాలి?

తెలంగాణలో ఉప ఎన్నికల మాట మళ్లీ మొదలైంది. బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్లారంటూ పది మంది ఎమ్మెల్యేలపై అనర్హత పిటిషన్లు పడ్డాయి. ఖైరతాబాద్ నుంచి స్టేషన్ ఘన్‌పూర్, గద్వాల, భద్రాచలం దాకా ఆ పది నియోజకవర్గాల్లో జనం అడుగుతున్నది ఒకటే: ఎన్నిక వస్తుందా, రాదా?

1967 నాటి ఆయారామ్ గయారామ్ కథ, 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం పుట్టిన తీరు అందరికీ తెలిసినవే. నేటి గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. 2012 జూన్ దగ్గర ఆగితే చాలు.

దానికి ముందు చిన్న లెక్క ఒకటి చూడాలి. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996లో చేర్చిన 151ఏ సెక్షన్ ప్రకారం, చట్టసభలో సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లోపు ఎన్నికల సంఘం ఉప ఎన్నిక పెట్టాలి. మినహాయింపులు రెండే. ఖాళీ అయిన సీటుకు మిగిలిన పదవీకాలం ఏడాది కంటే తక్కువైనా, ఆ గడువులో ఎన్నిక జరపడం కష్టమని కేంద్రాన్ని సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరించినా ఆ నిబంధన వర్తించదు. సభ్యుడు చనిపోతే గడియారం ఆ రోజు నుంచే తిరుగుతుంది. జూబ్లీహిల్స్ ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ 2025 జూన్ 8న చనిపోయారు, నవంబరు 11న పోలింగ్ జరిగింది. రాజీనామా, ఫిరాయింపు అలా కాదు. రాజీనామాను స్పీకర్ ఆమోదించాలి. ఫిరాయించిన సభ్యుడిని స్పీకర్ అనర్హుడిగా ప్రకటించాలి. ఆ సంతకం పడేదాకా సీటు ఖాళీ అయినట్టు కాదు, ఆరు నెలల లెక్క మొదలవదు. ఎన్నికల సంఘం చేయగలిగిందీ ఏమీ ఉండదు.

ఇక 2012కు వద్దాం. 2011 డిసెంబరులో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వంపై టీడీపీ అవిశ్వాస తీర్మానం పెట్టింది. జగన్ వెంట నడుస్తున్న 16 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు విప్‌ను ధిక్కరించి తీర్మానానికి ఓటేశారు. ప్రజారాజ్యం తరఫున గెలిచిన శోభా నాగిరెడ్డి కూడా వాళ్లతోనే ఉన్నారు. ప్రభుత్వం నిలిచింది. స్పీకర్ నాదెండ్ల మనోహర్ మూడు నెలలు తిరిగేసరికి ఆ 17 మందిపై అనర్హత వేటు వేశారు. చిరంజీవి రాజ్యసభకు వెళ్లడంతో ఖాళీ అయిన తిరుపతి కూడా కలిసి, జూన్ 12న 18 అసెంబ్లీ స్థానాలకు, వాటితో పాటు నెల్లూరు లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నికలు జరిగాయి.

ఆ ఎన్నిక జరిగిన తీరులో మచ్చలు ఎన్నైనా ఉండొచ్చు. ప్రక్రియ మాత్రం చట్టం చెప్పినట్టే నడిచింది. సభ్యులు పార్టీని ధిక్కరించారు, స్పీకర్ నిర్ణయం తీసుకున్నారు, సీట్లు ఖాళీ అయ్యాయి, జనం తీర్పు చెప్పారు. వైఎస్సార్‌సీపీకి 15 స్థానాలు వచ్చాయి. వేటు పడిన 17 స్థానాల్లో 14 చోట్ల ఆ పార్టీయే గెలిచింది. వేటు వేయించిన కాంగ్రెస్‌కు దక్కినవి రెండే, నరసాపురం, రామచంద్రపురం. పరకాలలో టీఆర్ఎస్ అభ్యర్థి భిక్షపతి 1,562 ఓట్లతో కొండా సురేఖపై బయటపడ్డారు. ప్రధాన ప్రతిపక్షం టీడీపీకి ఒక్క సీటూ రాలేదు.

అంతకు మూడు నెలల ముందు, మార్చి 18న, ఏడు స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. కొల్లాపూర్ నుంచి గెలిచిన జూపల్లి కృష్ణారావు కాంగ్రెస్‌ను వదిలి టీఆర్ఎస్‌లోకి వెళ్లేటప్పుడు పదవికి రాజీనామా చేశారు, ఆమోదింపజేసుకున్నారు, కొత్త పార్టీ గుర్తుపై మళ్లీ ఓటు అడిగి గెలిచారు. కామారెడ్డి, ఆదిలాబాద్, స్టేషన్ ఘన్‌పూర్‌లలోనూ టీడీపీనో కాంగ్రెస్‌నో వదిలి వచ్చిన ఎమ్మెల్యేలు టీఆర్ఎస్ గుర్తుపైనే తిరిగి గెలిచారు. ఈ ఏడింటిలోనూ అధికార కాంగ్రెస్ ఒక్కటీ గెలవలేదు.

ఈ రెండు ఫలితాలను అన్ని పార్టీలూ జాగ్రత్తగా చదువుకున్నాయని నా నమ్మకం. వేటు వేస్తే నష్టం అధికార పార్టీకే. సీటు ఖాళీ చేయించడమంటే ప్రత్యర్థికి వేదిక కట్టి ఇవ్వడమే. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్పీకర్ ఒక ఎమ్మెల్యేను ఫిరాయింపు కింద అనర్హుడిని చేసి, ఆ స్థానానికి ఉప ఎన్నిక జరిగిన సందర్భం లేదు. నేడు మనం చూస్తున్నదంతా అక్కడి నుంచి వచ్చిందే.

ఇందులో బాధ కలిగించే సంగతి, రాజీనామానే ఆయుధంగా వాడి పెరిగిన పార్టీ టీఆర్ఎస్ కావడం. 2008లో తెలంగాణ కోసం ఆ పార్టీ ఎమ్మెల్యేలు 16 మంది, ఎంపీలు నలుగురు రాజీనామా చేశారు. తిరిగి గెలిచింది ఏడు అసెంబ్లీ, రెండు లోక్‌సభ స్థానాలే. అయినా వెనక్కి తగ్గలేదు. 2010 జూలైలో 12 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే టీఆర్ఎస్ 11 గెలిచింది, మిగిలిన నిజామాబాద్ అర్బన్ బీజేపీకి దక్కింది. 2011 జూలైలో తెలంగాణ ప్రాంత ఎమ్మెల్యేలు దాదాపు వంద మంది రాజీనామా లేఖలు ఇచ్చినప్పుడు, భావోద్వేగంలో చేసినవంటూ స్పీకర్ మనోహర్ తిరస్కరించారు. ఆయనకు ఆ అధికారం 1974 నాటి 33వ రాజ్యాంగ సవరణ ఇచ్చింది. గుజరాత్ ఆందోళనలో ఎమ్మెల్యేల చేత బలవంతంగా రాజీనామాలు చేయించడం చూశాక, రాజీనామా మనస్ఫూర్తిగా చేసిందేనా కాదా అని స్పీకర్ విచారించుకోవచ్చని ఆ సవరణలో చేర్చారు. సభ్యుడిని కాపాడటానికి పెట్టిన నిబంధన అది.

రాష్ట్రం వచ్చాక అంతా మారింది. 2014లో సనత్‌నగర్ నుంచి టీడీపీ ఎమ్మెల్యేగా గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్, ఆ డిసెంబరులోనే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం చేశారు. ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశానని ఆయన అన్నారు. ఆ రాజీనామా ఆమోదం పొందలేదు. లేఖ అసలు అందిందా లేదా అన్న దగ్గరే వాదన తిరిగింది. సభ రద్దయ్యేదాకా సనత్‌నగర్‌లో ఉప ఎన్నిక రాలేదు. 2017 అక్టోబరులో రేవంత్ రెడ్డి టీడీపీని వదిలి కాంగ్రెస్‌లో చేరినప్పుడు ఎమ్మెల్యే పదవికీ రాజీనామా చేస్తున్నట్టు చెప్పి, లేఖను పార్టీ అధినేత చంద్రబాబుకు ఇచ్చారు. కొడంగల్‌లోనూ ఉప ఎన్నిక జరగలేదు. నేడు ఎదురెదురుగా నిలబడిన రెండు పార్టీల వాళ్లూ ఒకరి పాత కాగితాలు ఒకరు తీసి చూపించుకోగలరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2014, 2019 మధ్య 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు. 2017 ఏప్రిల్‌లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. అనర్హత పిటిషన్లు తేలకపోవడంతో ఆ ఏడాది చివర్లో వైఎస్సార్‌సీపీ శాసనసభనే బహిష్కరించింది. నంద్యాలను చూడండి. వైఎస్సార్‌సీపీ తరఫున గెలిచిన భూమా నాగిరెడ్డి 2016లో టీడీపీలో చేరినప్పుడు ఉప ఎన్నిక రాలేదు. 2017 మార్చిలో ఆయన చనిపోయాక వచ్చింది. ఆగస్టులో జరిగిన ఆ పోరులో భూమా బ్రహ్మానందరెడ్డి 27,466 ఓట్ల మెజారిటీతో గెలిచారు. పార్టీ మారినప్పుడు అడగాల్సిన ప్రశ్న నంద్యాల ఓటరును ఎవరూ అడగలేదు. అదే ఎన్నిక వేడిలో శిల్పా చక్రపాణిరెడ్డి టీడీపీ నుంచి వైఎస్సార్‌సీపీలోకి వస్తూ ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేశారు. అలాంటి వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2019 జూన్‌లో హైదరాబాద్‌లో రెండు రోజుల్లో జరిగింది దగ్గరగా చూడాలి. కాంగ్రెస్‌కు అప్పుడు 19 మంది ఎమ్మెల్యేలు. ఫిరాయింపు వేటు పడకుండా మరో పార్టీలో విలీనం కావాలంటే మూడింట రెండొంతుల మంది కావాలి, అంటే 13 మంది. నల్లగొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి జూన్ 5న హుజూర్‌నగర్ ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. సంఖ్య 18కి దిగింది, 12 మంది చాలు. మర్నాడే 12 మంది స్పీకర్‌ను కలిసి తమను టీఆర్ఎస్‌లో విలీనమైనట్టు గుర్తించమన్నారు. ఆ రోజు పొద్దు పోయేలోగా విలీనాన్ని గుర్తిస్తూ శాసనసభ బులెటిన్ వచ్చేసింది. ఉత్తమ్ ఖాళీ చేసిన ఒక్క సీటుకు అక్టోబరులో ఉప ఎన్నిక జరిగింది. పార్టీ మారిన 12 మంది నియోజకవర్గాల్లో ఒక్కచోటా జరగలేదు.

స్పీకర్ కార్యాలయానికి వేగం తెలియక కాదు. 2021 జూన్ 12న ఈటల రాజేందర్ రాజీనామా ఇస్తే అదే రోజు ఆమోదం పొందింది, హుజూరాబాద్‌లో అక్టోబరు 30న పోలింగ్ జరిగింది. 2022 ఆగస్టు 8న కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి లేఖ ఇచ్చినప్పుడూ అంతే, మునుగోడుకు మూడు నెలల్లో ఎన్నిక వచ్చింది. ఈ రెండు రాజీనామాలను ఆమోదించినదీ, 2019 విలీనాన్ని గుర్తించినదీ పోచారం శ్రీనివాస్ రెడ్డే. తర్వాత అనర్హత పిటిషన్లు ఎదుర్కొన్న పది మందిలో బాన్సువాడ ఎమ్మెల్యేగా ఆయన కూడా ఉన్నారు.

నిదానం ఎలా ఉంటుందో ఆంధ్రలో చూశాం. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాను 2024 జనవరిలో ఆమోదించారు. దాదాపు మూడేళ్లు పట్టింది. రాజ్యసభ ఎన్నికలు ముంగిట ఉన్నాయి, ఉప ఎన్నిక అవసరం లేని సమయం వచ్చేసింది. మరుసటి నెలలోనే స్పీకర్ తమ్మినేని సీతారాం వైఎస్సార్‌సీపీ, టీడీపీ రెండు వైపులా కలిపి ఎనిమిది మందిని అనర్హులను చేశారు. ఉదయగిరి ఎమ్మెల్యే మేకపాటి చంద్రశేఖర్ రెడ్డి అందులో ఒకరు. 2012లో వేటు పడిన 17 మందిలోనూ ఆయన ఉన్నారు. అప్పుడు ఉదయగిరి ప్రజలు మూడు నెలల్లో ఓటు వేసి ఆయన్ను తిరిగి పంపారు. ఈసారి వేటు పడేసరికి సాధారణ ఎన్నికల షెడ్యూల్‌కు మూడు వారాలు కూడా లేదు.

ఇప్పుడు తెలంగాణ కేసు. ఎమ్మెల్యేల మాట క్లుప్తంగా ఇది: నియోజకవర్గ అభివృద్ధి కోసం ముఖ్యమంత్రిని కలిశాం, బీఆర్ఎస్‌ను వీడలేదు, సాంకేతికంగా ఆ పార్టీలోనే ఉన్నాం. స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ 2025 డిసెంబరులో తొలి విడతగా ఐదుగురిపై పిటిషన్లను ఫిరాయింపునకు ఆధారాలు లేవంటూ కొట్టేశారు. 2014 తర్వాత బీఆర్ఎస్ చేసింది కూడా ఇదే కదా అని కాంగ్రెస్ నాయకులు అడుగుతున్నారు. ఆ ప్రశ్నలో నిజం ఉంది. అయితే అది బీఆర్ఎస్‌కు జవాబు అవుతుంది కానీ ఓటరుకు కాదు.

పిటిషనర్ల వాదనకు బలమైన ఉదాహరణ ఖైరతాబాద్. 2023లో అక్కడ బీఆర్ఎస్ నుంచి గెలిచిన దానం నాగేందర్, ఎమ్మెల్యేగా ఉంటూనే 2024 లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు. బ్యాలెట్‌పై చెయ్యి గుర్తు పక్కన ఆయన పేరు ఉంది. కండువా ఎవరు కప్పారు, అది ఏ రంగుది అన్న చర్చకు ఇక్కడ చోటే లేదు. ఖైరతాబాద్‌లో ఓటేసిన మనిషి తన ఎమ్మెల్యే ఏ పార్టీ వాడో చెప్పమంటే ఏం చెప్పాలి?

కోర్టుల్లో ఇది నలిగిన తీరు కూడా తక్కువేం కాదు. 2024 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి నాలుగు వారాల్లో విచారణ షెడ్యూల్ ఖరారు చేయాలన్నారు. నవంబరులో డివిజన్ బెంచ్ ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. సుప్రీంకోర్టులో వాదనలు నడుస్తుండగా, 2025 మార్చిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఉప ఎన్నికలు రావని శాసనసభలో అన్నారు. ఆ మాటపై న్యాయమూర్తి జస్టిస్ గవాయ్ అసహనం వ్యక్తం చేశారు. జూలై 31న ఆయన నేతృత్వంలోని ధర్మాసనం మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌ను ఆదేశించింది, ఈ అధికారాన్ని స్పీకర్ చేతిలోనే ఉంచాలో లేదో పార్లమెంటు ఆలోచించాలని కూడా చెప్పింది. మణిపుర్ కేసులో 2020లోనే కోర్టు ఈ మాట అంది. గడువు దాటాక నవంబరులో స్పీకర్‌కు ధిక్కరణ నోటీసు వెళ్లింది.

అధికార పార్టీకి ఉప ఎన్నిక అంటేనే భయమని అనుకోలేం. 2024లో సికింద్రాబాద్ కంటోన్మెంట్, 2025లో జూబ్లీహిల్స్, రెండూ బీఆర్ఎస్ సిట్టింగ్ స్థానాలే. ఎమ్మెల్యేలు చనిపోయి ఎన్నిక వస్తే రెండింటినీ కాంగ్రెస్ గెలుచుకుంది. జూబ్లీహిల్స్‌లో నవీన్ యాదవ్ మెజారిటీ 24,729. పార్టీ మారిన ఎమ్మెల్యే స్వయంగా నిలబడి "నేను ఎందుకు వెళ్లానంటే" అని చెప్పుకోవాల్సిన ఎన్నిక వేరు. 2012 నుంచి అన్ని ప్రభుత్వాలూ తప్పించుకుంటున్నది ఆ ఎన్నికనే.

ప్రస్తుత తెలంగాణ శాసనసభ తొలి సమావేశం 2023 డిసెంబరు 9న జరిగింది. గడువు 2028 డిసెంబరు దాకా ఉంది. 2027 డిసెంబరు దాటాక ఏ సీటు ఖాళీ అయినా మిగిలేది ఏడాది లోపే, అప్పుడు 151ఏ కింద ఆరు నెలల నిబంధన వర్తించదు. స్పీకర్ తీర్పుపై కోర్టుకు వెళ్లడం, అక్కడ వాదనలు, మళ్లీ పైకోర్టు, ఇవన్నీ ఆ తేదీలోపే పూర్తవ్వాలి.