ఆ పచ్చ పొరను గోకకండి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మెటల్ డిటెక్టర్ కుయ్‌మన్న చోట తవ్వితే పచ్చగా పట్టిన రాగి నాణెం దొరికిందనీ, టూత్‌పేస్ట్‌తో తోమమంటారా అనీ అడిగారు. ఇంకా తోమలేదు కదా? దాన్ని పక్కన పెట్టి ముందు ఇది చదవండి.

మీ వయసులో నాకూ ఇలాంటిదే ఒకటి దొరికింది. నిమ్మచెక్కకు ఉప్పద్ది బాగా రుద్దాను. కాసేపటికే పచ్చదనమంతా పోయి గులాబీ రంగు రాగి తేలింది. ఎంత సంబరపడ్డానో! తీరా తుడిచి చూస్తే, అంతకుముందు మసగ్గానైనా కనిపించిన అక్షరాలు లేవు. వాటి చోట సన్నసన్న గుంటలు మిగిలాయి. ఆ నాణెం ఏ కాలానిదో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకునే దారిని నా చేతులతో నేనే చెరిపేశాను. ఆ బాధ ఇంకా ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రాగి ఏళ్ల తరబడి నేలలో ఉంటే గాలి, తేమ, మట్టిలోని లవణాలు దాన్ని మెల్లగా మారుస్తాయి. ముందు ఎర్రటి పొర, దాని మీద పచ్చటి పొర ఏర్పడతాయి. దీన్నే పాటినా అంటారు. ఇది ఎక్కడినుంచో వచ్చి అంటుకున్న మురికి కాదు, ఆ నాణెం తాలూకు రాగే. చాలా పాతవాటిలో బొమ్మా అక్షరాలూ ఈ పొరలోనే నిలిచి ఉంటాయి. కింద ఉన్న లోహాన్ని తుప్పు అప్పటికే తినేసి ఉంటుంది. పొర ఊడితే బొమ్మ కూడా ఊడినట్టే. ఎవరో గుడ్డలో మూటగట్టి దాచిన నాణేల మీద ఒక్కోసారి ఆ నేత అచ్చు కూడా పడి ఉంటుంది. గుడ్డ ఏనాడో మట్టిలో కలిసిపోయినా దారాల వరసలు పచ్చటి పొరలో అలాగే ఉంటాయి. ఒక్కసారి బ్రష్ వేస్తే చాలు, అవి పోతాయి.

వెండి సంగతి కాస్త వేరు. గంధకం తగిలి అది నల్లబడుతుంది. నల్లగా ఉందని పాలిష్ పెట్టకండి. ముద్ర కొట్టినప్పుడు లోహం అంచులవైపు పారి, కంటికి ఆననంత సన్నని గీతలు పడతాయి. కొత్త నాణేన్ని అటూఇటూ వంచితే వెలుగు చక్రంలా తిరిగేది వాటివల్లే. పాలిష్ వాటిని చదును చేసేస్తుంది, మళ్లీ రావు. సేకరించేవాళ్లు భూతద్దం పెట్టగానే పాలిష్ గీతల్ని పట్టేస్తారు. నాణెం విలువ సగానికి సగం పడిపోయినా ఆశ్చర్యం లేదు. బంగారానికి తుప్పు భయం లేదు కానీ అది మెత్తన, ఇట్టే గీతలు పడుతుంది.

ఇంకొక మాట. తవ్వి తీయగానే బొటనవేలితో రుద్ది చూడాలనిపిస్తుంది. వద్దు. ఇసుక రేణువు రాగి కన్నా, వెండి కన్నా చాలా గట్టిది. మట్టితోనే జేబులో వేసుకోకుండా, మెత్తని కాగితంలో చుట్టి తీసుకురండి.

ఇంటికొచ్చాక డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. నీళ్లు మురికైనప్పుడల్లా మార్చండి, కొన్ని రోజులు పట్టినా పర్లేదు. మెత్తబడిన మట్టిని పుల్లతో, గీకకుండా, నెమ్మదిగా తొలగించండి. రానిది అలాగే ఉండనివ్వండి. తర్వాత బట్టతో అద్దండి, తుడవకండి. అంచులు పట్టుకునే చూడండి, వేళ్ల చెమట కూడా మచ్చ వేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. రాగి నాణెం మీద లేత పచ్చ పొడి పిండిలా రాలుతూ, దులిపినా మళ్లీ పుడుతుంటే అది క్లోరైడ్ లవణాల పని. తేమ ఉన్నంతకాలం లోహాన్ని తొలుస్తూనే ఉంటుంది. తేమను పీల్చే సిలికా జెల్ వేసిన పొడి డబ్బాలో పెట్టి మ్యూజియం నిపుణులకు చూపించండి.

ఇప్పుడు చలామణిలో ఉన్న చిల్లర దొరికితే సబ్బుతో కడిగి ఖర్చు పెట్టుకోవచ్చు. ఒకేచోట చాలా నాణేలు కనిపిస్తే మాత్రం తవ్వడం ఆపి పెద్దవాళ్లకు చెప్పండి. అలాంటివి అధికారులకు తెలపాలని చాలా దేశాల్లో చట్టం ఉంది.

మీ నాణెం ఆరాక, దొరికిన చోటు, లోతు, తేదీ ఒక కాగితం కవరు మీద రాసి అందులో పెట్టండి. అంతకంటే ముందు రెండువైపులా ఫోటో తీసి నాకు పంపండి. టార్చిలైటు పైనుంచి కాకుండా పక్కనుంచి వెయ్యండి. అరిగిపోయిన అక్షరాలు కూడా నీడల్లో తేలతాయి. ఏం రాసుందో కలిసి చదువుదాం.

మీ తాతయ్య