సాన్ మార్కో: ఒక్కొక్కరి కోసం గీసిన గోడలు

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, ఒకప్పుడు క్రైస్తవ సన్యాసుల మఠమైన సాన్ మార్కో మ్యూజియంలో మెట్లెక్కి పై అంతస్తుకు చేరగానే ఎదురుగా గోడ మీద మంగళవార్త చిత్రం, అంటే యేసు పుట్టబోతున్నాడని దూత మరియమ్మకు చెప్పే ఘట్టం, కనిపిస్తుంది. గబ్రియేలు దూత రంగురంగుల రెక్కలతో వంగి ఉంటాడు, మరియమ్మ మామూలు చెక్కపీట మీద కూర్చుని వింటూ ఉంటుంది. పుస్తకాల్లో, పోస్టర్లలో చాలామంది చూసిన బొమ్మే. దాని ముందు ఫొటో దిగి, పక్కన వరుసగా ఉన్న గదుల్లోకి ఒకసారి తొంగిచూసి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. కానీ ఈ మ్యూజియం అసలు సంగతి ఆ చిన్న గదుల్లోనే ఉంది. ఒక్కో సన్యాసికి ఒక్కో గది, గదికో ఫ్రెస్కో, అంటే తడి సున్నం పూత మీద వేసిన గోడ చిత్రం. బయటివాళ్లు అడుగుపెట్టని చోట, ఎవరో ఒక్కరు రోజూ చూసుకోవడానికి ఇన్ని చిత్రాలు ఎందుకు వేయించారు? అవి ఈరోజు టికెట్ కొన్నవాళ్లందరికీ ఎలా అందుబాటులోకి వచ్చాయి? ఇది తెలియకుండా చూస్తే గదులన్నీ ఒకేలా అనిపిస్తాయి.

కథ 1436లో మొదలవుతుంది. అప్పటిదాకా సాన్ మార్కో సిల్వెస్ట్రిన్ అనే శాఖ సన్యాసుల చేతిలో ఉండేది. పోప్ నాలుగవ యూజీన్ దాన్ని వాళ్ల నుంచి తీసి, ఊరి దగ్గరి ఫియెసోలే కొండ మీద ఉంటున్న డొమినికన్ అనే మరో శాఖ సన్యాసులకు ఇచ్చాడు. వీళ్లు పేదరికం, మౌనం లాంటి పాత నియమాలను గట్టిగా పాటించాలని పట్టుబట్టిన వర్గం. పాడుబడిన ఆ మఠాన్ని కొత్తగా కట్టించే ఖర్చు కోసిమో డి మెడిచి భరించాడు. ఆయన యూరప్‌లోనే పెద్ద బ్యాంకు యజమాని, అంతకు రెండేళ్ల ముందే ప్రవాసం నుంచి తిరిగివచ్చి నగరాన్ని గుప్పిట్లోకి తెచ్చుకున్నాడు. వడ్డీ తీసుకోవడం పాపమని చర్చి చెప్పే కాలం అది. ఆ పాపభయం ఈ దానం వెనుక ఉందని అప్పట్లోనే అనుకునేవారు. నాకు అది నమ్మదగిన మాటగానే కనిపిస్తుంది. అయితే భయంతో పాటు నగరం కళ్ల ముందు తన పేరు నిలబెట్టుకోవాలన్న లెక్క కూడా ఉండి ఉంటుంది.

భవనానికి నమూనా ఇచ్చినవాడు మికెలొజ్జో. తెల్లటి గోడలు, సన్నటి స్తంభాలు, ఆడంబరం లేని నడవాలు ఆయనవే. గోడల మీద బొమ్మల బాధ్యత ఫ్రా ఆంజెలికోకు దక్కింది. అసలు పేరు గ్విదో ది పియెత్రో. ఆయన కూడా డొమినికన్ సన్యాసే. ఆ నియమాలు ఆయనకు బయటి సంగతులు కావు, రోజూ బతికే బతుకు. తన శిష్యులతో కలిసి గదులు, నడవాలు, సమావేశపు గది అన్నింటిలో పని చేశాడు.

ఇక గదుల్లోకి వెళితే, మెట్ల దగ్గర చూసిన మంగళవార్తే మూడో గదిలో మళ్లీ ఉంది. కానీ ఇక్కడ తోట లేదు, చెక్కిన స్తంభశీర్షాలు లేవు. ఖాళీ గోడ, దూత, మోకరించిన మరియమ్మ, ఒక మూల నిలబడి చూస్తున్న ఒక డొమినికన్ పునీతుడు. అంతే. నడవాలోది అందరూ దాటిపోయే దారి కాబట్టి కాస్త వివరంగా వేశాడు. దాని కింద లాటిన్‌లో, ఇటు వెళుతూ మంగళవార్త జపం చెప్పడం మరవకు అన్న అర్థంలో హెచ్చరిక కూడా రాశారు. గదిలో మాత్రం ధ్యానానికి అడ్డొచ్చేవన్నీ తీసేశాడు.

ఏడో గది చూశాక నాకు ఈ పద్ధతి పూర్తిగా అర్థమైంది. క్రీస్తును ఎగతాళి చేసే ఘట్టం అది. కళ్లకు గంతలు కట్టుకుని క్రీస్తు కూర్చుని ఉంటాడు. చుట్టూ సైనికులు లేరు. గాలిలో తేలుతున్న చేతులు, ఒక కర్ర, ఉమ్మేస్తున్న ఒక తల మాత్రమే ఉన్నాయి. కింద మరియమ్మ, డొమినికన్ శాఖను స్థాపించిన పునీత డొమినిక్ కూర్చున్నారు. ఇద్దరూ ఆ దృశ్యం వైపు చూడడం లేదు. డొమినిక్ పుస్తకం చదువుతున్నాడు. అంటే మనం చూస్తున్నది ఘటనను కాదు, చదువుతున్న మనిషి మనసులో కదిలేదాన్ని. ఆ గదిలో ఉండే సన్యాసి చేయవలసిన పని కూడా అదే. అతనికి ఇది అలంకారం కాదు, సాధనకు దారి.

దీనికి తేడా కోసిమో గదుల్లో కనిపిస్తుంది. 38, 39 నంబర్ల జంట గదులు ఆయన కోసం కేటాయించినవి. అక్కడి గోడ మీద ముగ్గురు జ్ఞానులు బాలయేసుకు కానుకలు సమర్పిస్తున్నారు. జనం, గుర్రాలు, తలపాగాలు, గోడంతా సందడి. అందులో ఆంజెలికో శిష్యుడు బెనోజ్జో గొజ్జోలి చేయి ఉందంటారు. దేవుడి ముందు మోకరించిన సంపన్నుల కథను మెడిచి కుటుంబం తన కథగా చెప్పుకుంది. 1443లో చర్చి ప్రతిష్ఠకు వచ్చిన పోప్ ఆ రాత్రి ఇక్కడే బస చేశాడు.

అదే అంతస్తులో మికెలొజ్జో కట్టిన లైబ్రరీ ఉంది. నికోలో నికోలి అనే పండితుడు 1437లో చనిపోతూ వందలాది రాతప్రతులు వదిలి వెళ్లాడు, అప్పులు కూడా వదిలాడు. కోసిమో ఆ అప్పులు తీర్చి, ఆ పుస్తకాల్లో సగం దాకా ఇక్కడికి తెప్పించాడు. చదువుకున్నవాళ్లు ఎవరైనా వచ్చి చూసుకునే ఏర్పాటు చేశాడు. ఒంటరి గదుల మఠంలో నగరానికి తెరిచిన మొదటి తలుపు అదే.

1491లో ఫెరారా ఊరివాడైన సవొనరోలా అనే డొమినికన్ సన్యాసి ఇక్కడ మఠాధిపతి అయ్యాడు. మెడిచిలు కట్టించిన చోట కూర్చుని మెడిచిల పాలనను, నగర విలాసాలను దుయ్యబట్టాడు. 1497లో అద్దాలు, వేషాలు, బొమ్మలు, పుస్తకాలు కుప్పపోసి నడివీధిలో కాల్పించాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మట్టల ఆదివారం నాడు ఆయనకు ఎదురు తిరిగిన జనం మఠం మీద పడ్డారు. మే 23న ఆయన్ని ఉరితీసి, శవాన్ని తగలబెట్టారు. దాడి రోజు సాయం కోసం మోగిన మఠం గంటకు కూడా శిక్ష వేశారు. దాన్ని కిందికి దించి, కొరడాతో కొట్టిస్తూ ఊరేగించి, ఊరి బయటికి వెళ్లగొట్టారు. ఆ గంట పేరు పియాన్యోనా. ఇప్పుడు మ్యూజియంలోనే ఉంది. సవొనరోలా ఉన్న గదులు కూడా చూడొచ్చు.

తర్వాత మూడు శతాబ్దాలు మఠం మఠంగానే సాగింది. 1808లో నెపోలియన్ పాలన మఠాలను రద్దు చేసింది. ఆయన పతనం తర్వాత సన్యాసులు తిరిగి వచ్చారు. కానీ 1866లో కొత్త ఇటలీ రాజ్యం చట్టం చేసి మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకుంది. 1869లో భవనంలో ఎక్కువ భాగం మ్యూజియంగా తెరిచారు. చర్చి, దాని పక్క కొంత భాగం డొమినికన్ల దగ్గరే ఉండిపోయాయి. 1920ల మొదట్లో నగరంలోని వేరే గ్యాలరీల నుంచి ఆంజెలికో చెక్కపలకల చిత్రాలు చాలావరకు ఇక్కడికి చేర్చారు. కింది అంతస్తులో చూసేవి అవే.

ఈ రద్దులూ స్వాధీనాలూ చూస్తే ఫ్రెస్కోల అదృష్టం అర్థమవుతుంది. చర్చి ప్రధాన పీఠం కోసం ఆంజెలికో వేసిన చెక్కపలకల చిత్రాలను విడదీశాక అవి మ్యూనిక్, పారిస్, వాషింగ్టన్, డబ్లిన్ దాకా చెదిరిపోయాయి. గదుల్లోని చిత్రాలు మాత్రం గోడతో ఒకటైపోయినవి. తడి సున్నం పూత ఆరేలోపు రంగు వేస్తే, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టిపడుతూ రంగును తనలో పట్టేస్తుంది. గోడ పగలగొట్టకుండా, పూత పొర ఊడదీయకుండా ఆ బొమ్మను తీసుకుపోలేరు. వేసిన చోటే, వేసిన వెలుతురులోనే అవి ఇప్పటికీ ఉన్నాయి.

అలాగని వాటికి ప్రమాదం లేదనుకోకూడదు. కింద సమావేశపు గదిలో గోడ మొత్తం పరుచుకున్న సిలువ చిత్రంలో ఆకాశం నీలంగా ఉండదు. పొడి గోడ మీద వేసిన నీలం రాలిపోయి కింది ఎరుపు, బూడిద రంగులు బయటపడ్డాయి. ఇరవయ్యో శతాబ్దంలో నగరం గాలిలోని గంధకం చేరి, సున్నం పొర జిప్సంగా మారి పొడి రాలడం మొదలైంది. 1960లలో రసాయన శాస్త్రవేత్త ఎంజో ఫెరోని, చిత్ర సంరక్షకుడు దీనో దీని కలిసి దీనికి మందు కనుక్కున్నారు. ముందు అమ్మోనియం కార్బొనేట్, తర్వాత బేరియం హైడ్రాక్సైడ్ పట్టిస్తే జిప్సం కరగని పదార్థంగా మారి పొర మళ్లీ గట్టిపడుతుంది. ఆ పద్ధతిని మొదట్లోనే వాడిన పెద్ద పనుల్లో ఈ సిలువ చిత్రం ఒకటి. తర్వాత ఎన్నో దేశాల్లో గోడ చిత్రాలకు అదే ఆధారమైంది.

2025 సెప్టెంబరు నుంచి 2026 జనవరి దాకా ఫ్లోరెన్స్‌లో పాలాజ్జో స్ట్రోజ్జి, సాన్ మార్కో కలిసి ఆంజెలికో మీద పెద్ద ప్రదర్శన పెట్టాయి. చెదిరిన పీఠం పలకల్లో దాదాపు అన్నీ ఒకచోట చేరాయి. ఆ పలకలు చూడాలంటే మళ్లీ ఊరూరూ తిరగాలి. గదుల ఫ్రెస్కోలకు ఆ అవసరం లేదు. మ్యూజియం మామూలుగా మధ్యాహ్నానికే మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లి, ఒకటి నుంచి పదకొండు గదుల వరుసను ముందు చూడడం మంచిది. అన్నీ చూడాలన్న తొందర పెట్టుకోకుండా రెండు మూడు గదుల్లో ఎక్కువసేపు ఉండండి. కోసిమో గదులను చివరికి ఉంచుకుంటే తేడా మీకే తెలుస్తుంది.